ఓరుగల్లును కళ్ళల్లో నింపుకొచ్చిన నాట్ల జట్టు

మల్లెకుంటలో తెలివి ఎక్కడుందని అడిగితే ఊళ్ళోవాళ్ళు ఏమంటారో నాకు తెలీదు. ఓదెమ్మ నాట్ల జట్టును అడిగితే మాత్రం నలుగురు ఆడవాళ్ళూ ఒక్కసారే వంగి తమ తలకాయలు చూపిస్తారు. "ఇగో, ఈడున్నది. ముట్టి చూస్తవా?" అంటారు.

జట్టుకు పెద్ద ఓదెమ్మ. మిగతా ముగ్గురు లసుమవ్వ, సారక్క, బుచ్చమ్మ. కోడళ్ళుగా ఈ ఊళ్ళో కాలు పెట్టిన నాటి నుంచీ నలుగురూ కలిసే నారు పీకుతారు, కలిసే నాటు వేస్తారు. తెలివి కూడా నలుగురికీ కలిపి ఒకటే ఉందని గిట్టనివాళ్ళు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా వాళ్ళు సంతోషపడతారు. "ఒకటైనా గట్టిది," అంటారు.

ఒకసారి ఒక ఆసామి "నా మడిల ఒక్క మొక్క గూడ వంగొద్దు, చెప్తున్న" అన్నాడు. నాటు వేయడం అయిపోయింది. ఇంతలో గాలి లేచింది. లేత నారు కదా, వంగింది. ఇంకేముంది, నలుగురూ బురదలో చతికిలబడి చేతికొక మొక్క చొప్పున నిటారుగా పట్టుకున్నారు. ఎనిమిది మొక్కలు నిలబడ్డాయి. మిగతా మడంతా ఊగుతూనే ఉంది. ఆసామి పరుగెత్తుకొచ్చి "ఏందమ్మా ఇది, ఇండ్లకు పోరా?" అన్నాడు. "ముందు గాలిని పొమ్మను, తర్వాత మేం పోతం" అంది ఓదెమ్మ. ఆసామి వచ్చిన దారినే వెనక్కి పోయాడు. ఆ సంగతి తలుచుకుని వాళ్ళు ఇప్పటికీ మురిసిపోతారు.

ఆ ఏడు నాట్లు ముందే అయిపోయాయి. కలుపు తీయడానికి ఇంకా వారం రోజులుంది. పొద్దున పోయి ఓరుగల్లు కోట చూసి పొద్దుగూకేసరికి ఇల్లు చేరుదామని నలుగురూ అనుకున్నారు. ఆ మాట ఓదెమ్మ అత్త కొమురవ్వ చెవిలో పడింది.

కొమురవ్వకు డెబ్బై ఐదేళ్ళు దాటాయి. మోకాళ్ళు పట్టేసి వాకిలి దాటక మూడేళ్ళయింది. ఆమె కోడలిని పిలిచి మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఓదీ, మీ మామ పడుచు వయసుల ఒక్కడే పోయి ఓరుగల్లు కోట చూసొచ్చిండు. ఎట్లున్నదయ్యా అని అడిగిన. 'నీకు చెప్పినా తెల్వది' అన్నడు. అప్పుడు నాకు ఇరవై ఏండ్లు. ఆ మాట ఇప్పటికీ ఈడ ముల్లు లెక్క ఉన్నది," అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మామ పోయి ఆరేండ్లాయె గదా అత్తా. ఇంకెందుకు ఆ ముచ్చట?"

"పోయిండు గనుకనే! రేపు నేను గూడ ఆడికే పోత. పోంగనే ఎదురుంగ కూసొని నవ్వుతడు. 'చూసినయ్యా, ఇట్లిట్లున్నది' అని మొకం మీద చెప్పాలె. నా కాళ్ళు రావాయె. మీరే చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు, చుక్క పోకుండ నాకు తెచ్చియ్యండి. ఇంక నాకేం వద్దు బిడ్డా."

ఓదెమ్మ ముక్కు చీదుకుంది. "చుక్క పోనియ్యనత్తా. నువ్వు నిమ్మళంగుండు" అని మాట ఇచ్చింది.

అంతే. ఆ సాయంత్రమే జట్టు కూర్చుంది.

"చూడాలె, వినాలె, తినాలె. ఇన్ని పనులు ఒక్కొక్కరం చేస్తే ఏ పనీ తెగది," అంది ఓదెమ్మ.

అది నిజమే. నారు పీకేవాళ్ళు వేరు, కట్టలు మోసేవాళ్ళు వేరు. నాటు వేసేటప్పుడు కూడా ఎవరి వరుస వాళ్ళది. ఆ వరుసను మునుం అంటారు. ఒకరి మునుంలో ఇంకొకరు చెయ్యి పెడితే తగువే.

"కోట గూడ ఒక మడే అనుకోండి. మునాలు పంచుకుందాం" అంది ఓదెమ్మ.

ఆహా అనుకున్నారు అందరూ. లసుమవ్వకు చూపు అప్పజెప్పారు. బియ్యంలో రాళ్ళు ఆమె ఏరినట్టు ఇంకెవరూ ఏరలేరు. సారక్కకు వినికిడి. నాలుగిళ్ళ అవతల అత్తాకోడళ్ళు గొణుక్కున్నా ఆమెకు ఇక్కడ వినబడుతుంది. ఇక తిండి మునుం ఎవరికి అని ఓదెమ్మ అడగబోయే లోపలే బుచ్చమ్మ చెయ్యెత్తేసింది.

"మరి నీ మునుం ఏందక్కా?" అని అడిగింది లసుమవ్వ.

"నేను ఆలోచిస్త. రేపు పొద్దుగూకేదాక మీ ముగ్గురికి ఆలోచించుడు బంద్."

"హమ్మయ్య!" అన్నారు ముగ్గురూ.

తెల్లారింది. ఓదెమ్మ వెళ్ళి చూస్తే లసుమవ్వ కళ్ళు గట్టిగా మూసుకుని గడప దగ్గర తడుముకుంటూ ఉంది. "లేచిన కాడి నుంచి తెరువలే అక్కా" అంది గొప్పగా. ఓదెమ్మకు చాలా సంతోషం కలిగింది. నీళ్ళకు పోయేటప్పుడు బిందె ఖాళీగా తీసుకుపోవాలి కదా. దారిలో కనబడిన బర్రెలూ, పెంటకుప్పలూ, గోడలూ కళ్ళ నిండా నింపుకుంటే కోటకు జాగా ఎక్కడిది? అందుకని లసుమవ్వ కళ్ళకు తువ్వాలు కట్టింది. సారక్క చెవుల్లో దూది కుక్కింది. బుచ్చమ్మ అయితే ముందు రోజు రాత్రి నుంచే ఏమీ తినలేదు. సంచిలో నాలుగిళ్ళ సద్ది మూటలు ఉన్నాయి. బుచ్చమ్మ ఆ సంచిని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

బస్సు ఎక్కారు. కండక్టరు లసుమవ్వను చూసి జాలిపడ్డాడు.

"కండ్లకు ఏమైందమ్మా?"

"ఏం కాలే సారూ. ఇయ్యాల్టికి ఇంకా వాడలే," అంది ఓదెమ్మ.

వెనక సీట్లో ఉన్న ఒక పెద్దాయన "ఆపరేషన్ అయ్యుంటది పాపం! పదిహేను దినాలు తలకు నీళ్ళు తగలనియ్యకు బిడ్డా" అన్నాడు.

లసుమవ్వకు బుగులు పుట్టింది. "అక్కా, కోట చూస్తే పదిహేను దినాలు తానం చెయ్యొద్దటనే!"

"పెద్దమనిషి చెప్తున్నడు. చూసినోడే అయ్యుంటడు. విను."

"ఏమంటున్నరు?" అని గట్టిగా అరిచింది సారక్క, చెవుల్లో దూదితో.

"నిన్ను ఏమనలే!" అని అంతకంటే గట్టిగా అరిచింది ఓదెమ్మ.

"ఏమన్నరని?"

ఇలా అరుచుకుంటూ ఓరుగల్లు చేరారు.

కోట లోపలికి వెళ్ళాక ఓదెమ్మ తువ్వాలు ముడి విప్పింది. "ఇగ తెరువు. పైలంగ, మెల్లగ."

లసుమవ్వ కళ్ళు తెరిచింది. ఎదురుగా ఆకాశమంత రాతి తోరణం. రెండు పక్కలా నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డంగా రాళ్ళు, రాళ్ళ మీద చెక్కిన పక్షులు. "ఓయమ్మో!" అని నోరు తెరిచింది.

"నోరు ముయ్యి!" అని ఓదెమ్మ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "చూసింది నోట్లకెళ్ళి కారిపోతది. ఇంటికి పోయేదాక ఎవ్వరికి ఏం చెప్పకు. మీరిద్దరూ కండ్లు మూసుకోండి. చూసుడు మన మునుం గాదు."

అంతే. ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. లసుమవ్వ ముందు నడిచింది. ఆమె కొంగు ఓదెమ్మ పట్టుకుంది, ఓదెమ్మ కొంగు సారక్క పట్టుకుంది, సారక్క కొంగు బుచ్చమ్మ పట్టుకుంది. సంచి మాత్రం బుచ్చమ్మ వదల్లేదు. కోట చూడడానికి వచ్చిన జనం కోటను వదిలేసి వీళ్ళను చూడడం మొదలుపెట్టారు.

ముందురోజు వాన పడింది. దారిలో నడుము లోతు గుంత నిండి ఉంది. లసుమవ్వ దాన్ని చూసింది. బాగా చూసింది. చూసి, పక్కనుంచి తిరిగి వెళ్ళిపోయింది. కొంగు పట్టుకున్న ముగ్గురూ తిన్నగా గుంతలోకి దిగారు. దబ్, దబ్, దబ్.

"గుంత ఉన్నదని చెప్పొద్దానే?" అని నీళ్ళలోంచి అరిచింది ఓదెమ్మ.

"చూసింది చెప్పొద్దన్నవు గదా! గుంతను గూడ పైలంగ దాసిపెట్టిన," అంది లసుమవ్వ.

ఓదెమ్మ మూతి మీది బురద తుడుచుకుని ఆలోచించింది. ఆలోచించడం ఆమె పనే కదా. "మంచిపని చేసినవ్ చెల్లె. చెప్తే గుంత కారిపోయేది. అత్తకు ఒక గుంత తక్కువ పడేది," అంది.

"సద్ది తడువలే!" అని బుచ్చమ్మ సంచిని నెత్తిమీద నుంచి దించింది. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

అక్కడ చెట్టు నీడలో కాసిం సాబు అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. కోట చూడవచ్చిన వాళ్ళకు కథ చెప్పడం ఆయన పని. తడిసిన ఆడవాళ్ళను చూసి లేచొచ్చాడు. "కోట కథ చెప్పాల్నా తల్లీ?"

"చెప్పు సాబూ. ఈమెకు చెప్పు," అని ఓదెమ్మ సారక్క చెవుల్లో దూది తీసింది. తడిసిన దూది కదా, నీళ్ళు కారాయి. సారక్క కళ్ళు గట్టిగా మూసుకుని, కోటకు వీపు తిప్పి, చెవి తీసుకెళ్ళి ఆయన గడ్డానికి ఆనించింది.

కాసిం సాబు ఒక అడుగు వెనక్కి వేశాడు. సారక్క ఒక అడుగు ముందుకు వేసింది.

"అటు చూడమ్మా, ఆ రాతి మీద హంసలు..."

"ఈమెకు చూసుడు లేదు సాబూ. చూసేటామె అగో, ఆడున్నది," అని చూపించింది ఓదెమ్మ, కళ్ళు మూసుకుని, ఇంకెటో.

కాసిం సాబు లసుమవ్వ దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, ఇవి హంసలు..."

లసుమవ్వ రెండు చేతులతో చెవులు మూసుకుంది. "నాకు వినిపియ్యకు సాబూ! జాగ లేదు, పొర్లుతది!"

ఇంకేముంది, ఆయన పని ముందుకూ వెనక్కూ పరుగైంది. ఇక్కడికొచ్చి చెప్పాలి, అక్కడికి వెళ్ళి చేత్తో చూపించాలి. మళ్ళీ ఇక్కడికి రావాలి. నాలుగు సార్లు తిరిగేసరికి ఆయాసంతో రాయి మీద కూలబడ్డాడు. "ముప్పై ఏండ్ల నుంచి చెప్తున్న. కండ్లు ఒకతాన, చెవులు ఒకతాన పెట్టుకుని వచ్చినోళ్ళను ఇయ్యాలే చూస్తున్న," అన్నాడు.

"మావి మేమే పంచుకున్నం," అంది సారక్క గర్వంగా. "ఇగ చెప్పు."

"నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు తల్లీ. నడుమ పెద్ద గుడి ఉండె. అది పడిపోయింది."

"అయ్యో! ఎప్పుడు?"

"ఆరేడు వందల ఏండ్లాయె."

సారక్క నోట్లో కొంగు కుక్కుకుని బావురుమంది. "ఇన్నేండ్లాయెనా! మాకు ఒక్కరు గూడ కబురు పెట్టలేదు గదా సాబూ!"

ఆయన పాపం, ఎప్పుడో పడిన గుడికి ఆమెను ఓదార్చాల్సి వచ్చింది. రాజుల సంగతి, రాణి సంగతి, రాతికోట బయట మట్టికోట ఎందుకు కట్టారు అన్న సంగతి చెప్పి "అంతే తల్లీ, కథ అయిపోయింది" అన్నాడు. ఆ "అంతే" చెవిలో పడీ పడగానే ఓదెమ్మ దూది తీసి రెండు చెవుల్లో కుక్కేసింది. ఒక్క మాట కూడా బయటికి పోలేదు. కాసిం సాబు సలాం చెప్పి, వాళ్ళకు కనబడనంత దూరం వెళ్ళి కూర్చున్నాడు.

మధ్యాహ్నమైంది. బుచ్చమ్మ సంచి విప్పింది. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, పప్పుచారు అన్నం, ఉల్లిగడ్డ కారం. నలుగురి తిండి. తినేది ఒక్కతే. మిగతా ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు.

"మంచిగ నములు. అందరి కోసం తింటున్నవ్," అంది ఓదెమ్మ.

బుచ్చమ్మ తన రొట్టెలు తినేసింది. ఓదెమ్మవి తినేసింది. సారక్క అన్నం సగానికి వచ్చేసరికి ఆమె కళ్ళు తేలేసింది. లసుమవ్వ కడుపు మాత్రం కప్పలా అరుస్తోంది.

"అక్కా, నాకింకా ఆకలైతనే ఉన్నది. బుచ్చి తిన్నది నాకు రాలే," అంది.

ఓదెమ్మ ఆలోచించింది. "కాలువ తూముకాడ నీళ్ళు ఇడిస్తే చివరి మడికి పారేసరికి పూట పడతదా లేదా? నువ్వు చివర కూసున్నవ్. ఆగు, వస్తది."

ఆగారు. రాలేదు. లసుమవ్వ జరిగి బుచ్చమ్మకు ఆనుకుని కూర్చుంది. అయినా రాలేదు.

ఇంతలో బుచ్చమ్మ కడుపు పట్టుకుని దొర్లడం మొదలుపెట్టింది. "అమ్మో, నొస్తున్నదే! మీకు గూడ నొస్తున్నదా?"

"లేదు," అన్నారు.

"గిదేం న్యాయమే! నలుగురి బువ్వ నేనే తినాలె, నలుగురి నొప్పి గూడ నేనే పడాలెనా?"

"అది నీ మునుం," అని ఓదెమ్మ తేల్చేసింది. అంతే, తగువు తీరిపోయింది.

ఇక లసుమవ్వ చూపు పని మిగిలింది. ఆమె రెప్ప వెయ్యకుండా చూస్తోంది. రెప్ప వేస్తే ఆ కాసేపు మునుంలో ఖాళీ పడుతుందని ఆమె భయం. తోరణం చూసింది, పడిపోయిన రాళ్ళు చూసింది, విరిగిన ఏనుగు చూసింది, ఆ ఏనుగు మీద ఎండబెట్టిన ఎవరిదో అంగీ చూసింది. ఎండలో అలా చూసీ చూసీ కళ్ళు మండి, బొటబొటా నీళ్ళు కారాయి.

ఆమె గట్టిగా పిలిచింది. "ఓదక్కా! నిండింది! పొర్లుతున్నది!"

ఓదెమ్మ కళ్ళు తెరిచి చూస్తే నిజమే, చెంపల మీద రెండు ధారలు. "మూయి! మూయి! గట్టిగ!" అని తువ్వాలు తీసి బిగించి కట్టింది. "ఎన్ని చుక్కలు పోయినయే?"

"నాలుగైదు పోయినట్టున్నయి."

"ఏమైందో ఏమో!" అని సారక్క నెత్తి కొట్టుకుంది. ఆమెకు ఏమీ వినబడలేదు గానీ, ఒక కన్ను తెరిచి అందరి మొహాలూ చూసి కొట్టుకుంది.

ఓదెమ్మ ఆలోచించింది. "ఒక తోరణం పోయుంటది. నాలుగున్నయని సాబు చెప్పిండు గదా. ఇంక మూడున్నయి. అత్తకు మూడు చాలు."

బయటికి వస్తూ ఓదెమ్మ కోటకు వీపు పెట్టి నడిచింది. పొరపాటున చూపు పడిందంటే లసుమవ్వ మునుంలో చెయ్యి పెట్టినట్టే కదా. గేటు దగ్గర ఒకావిడ జామకాయలు కోసి ఉప్పూ కారం చల్లి అమ్ముతోంది. ఓరుగల్లు రుచి అత్తకు తీసుకుపోవాలి. ఎలా తీసుకుపోవాలి? ఓదెమ్మ ఒక జామ ముక్క బుచ్చమ్మ నోట్లో పెట్టింది. "నములకు, మింగకు, మాట్లాడకు. అత్త ఎదురుంగ పోయి నోరు తెరువాలె."

"ఊఁ," అంది బుచ్చమ్మ.

ఇలా ఒకామె చూడకుండా, ఒకామె వినకుండా, ఒకామె మాట్లాడకుండా బస్టాండుకు చేరారు. వాళ్ళను పట్టుకుని ఓదెమ్మ. ఆమెకు చదువు రాదు. లసుమవ్వకు బోర్డు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు గానీ, ఆ కట్టు విప్పితే కోటంతా బస్టాండులో పోతుంది. ఓదెమ్మ ఒక పెద్దమనిషిని అడిగింది. "అయ్యా, మల్లెకుంట బస్సు ఏదయ్యా?"

"అగో ఆ ఎర్ర బస్సు. డ్రైవరు ఇంకా రాలే. ఎండల ఎందుకు, బస్సు ఎనక నీడున్నది, ఆడ నిలబడండి," అన్నాడాయన.

నలుగురూ వెళ్ళి బస్సు వెనక నీడలో నిలబడ్డారు. డ్రైవరు వచ్చాడు. జనం ఎక్కారు. బస్సు కదిలింది. ఇంకేముంది, వీళ్ళూ కదిలారు. నీడలో నిలబడమన్నారు కదా! బస్సు మెల్లగా పోతే మెల్లగా, వేగంగా పోతే కొంగులు బిగించి పరుగు. కూరగాయల బజారు దాటారు, గాజుల అంగళ్ళు దాటారు. లసుమవ్వ కళ్ళకు గంతలతో పరుగెడుతోంది. బుచ్చమ్మ బుగ్గ ఉబ్బి, కడుపు పట్టుకుని పరుగెడుతోంది. సారక్క "ఎందుకు ఉరుకుతున్నం?" అని అడుగుతూ పరుగెడుతోంది.

వెనక కిటికీలోంచి కండక్టరు తల బయటికి పెట్టాడు. "ఓ అమ్మా! ఏందమ్మా అది?"

"నీడల నిలబడ్డం సారూ!" అంది ఓదెమ్మ రొప్పుతూ.

"నిలబడ్డరా? ఉరుకుతున్నరు గదమ్మా!"

"నీడ ఉరుకుతున్నది! మేమేం చెయ్యాలె?"

కండక్టరు ఈల వేసి బస్సు ఆపాడు. నలుగురినీ చెయ్యి పట్టి లోపలికి లాగాడు. నీడ వదిలి ఎక్కడం ఓదెమ్మకు ఇష్టం లేదు గానీ, పెద్ద ఉద్యోగస్తుడు కదా అని ఊరుకుంది.

సీట్లో కూర్చున్నాక చూసుకుంటే సగం కొంప మునిగింది.

"బుచ్చీ, నోరు తెరువు."

బుచ్చమ్మ నోరు తెరిచింది. జామకాయ లేదు. "ఉరుకులాటల మింగిన అక్కా," అని ఏడుపు మొహం పెట్టింది. ఓరుగల్లు రుచి పోయింది. అంతలో సారక్క "అక్కా, నాకు బస్సు సప్పుడు వినబడుతున్నది!" అంది. చూస్తే ఎడమ చెవిలో దూది లేదు. బజారులో ఎక్కడో పడిపోయింది. సగం కథ పోయింది.

అత్త ఆశంతా ఇక లసుమవ్వ కళ్ళ మీదే ఉంది. "చెల్లె, నువ్వు తుమ్మకు. దగ్గకు. నిద్ర గిట్ల పోయేవు! కల వచ్చి కోటల కలిసిందంటే ఏది కోటో ఏది కలో అత్తకు తెల్వది."

"సరే అక్కా," అని ఆవులించింది లసుమవ్వ. అంతే, ఓదెమ్మ గిల్లింది. ఊరు వచ్చేదాకా గిల్లుతూనే ఉంది. లసుమవ్వ "అయ్యో", "అమ్మో" అంటుంటే, బస్సులో వాళ్ళు ఆపరేషన్ నొప్పులనుకుని జాలిపడ్డారు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరారు.

కొమురవ్వ పొద్దుటి నుంచీ ఎదురుచూస్తోంది. కోట వస్తోందని తలస్నానం చేసింది. పెట్టెలోంచి పచ్చంచు చీర తీసి కట్టుకుంది. అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"తెచ్చిన్రానే?"

బుచ్చమ్మ తల దించుకుంది. "రుచి నా దగ్గరుండె అవ్వా. మింగిన."

"పోనీ. నాకు పండ్లు లేవు," అంది కొమురవ్వ. "కథ?"

సారక్క ముందుకొచ్చి కుడి చెవిలో దూది తీసింది. "అవ్వా, నడుమ పెద్ద గుడి ఉండెనట."

"ఆఁ?"

"పడిపోయిందట."

"ఎవరు కట్టిన్రు? ఎందుకు కట్టిన్రు?"

"అదంతా ఎడమ చెవిల ఉండె అవ్వా. ఎడమ చెవి దూది బజార్ల పడ్డది."

కొమురవ్వ మొహం చిన్నబోయింది. చీర అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. "అంటే మీ మామ మాటే నిజమైతదా ఓదీ? నాకు చెప్పినా తెల్వదా?"

"గట్లనకు అత్తా. అసలుది ఇంకా విప్పలే."

లసుమవ్వను తెచ్చి అత్త ఎదురుగా కూర్చోబెట్టారు. దీపం తెచ్చి పక్కన పెట్టారు. "ఎవ్వరు ఊపిరి గట్టిగ తీయొద్దు," అని ఓదెమ్మ తువ్వాలు ముడి విప్పింది. "అత్తా, దగ్గరికి రా. తెరువంగనే చూడు. పొర్లక ముందే చూడాలె."

కొమురవ్వ ముందుకు వంగింది. ఇంకా వంగింది. ముక్కూ ముక్కూ తగిలేంత వంగింది. లసుమవ్వ కళ్ళు తెరిచింది.

"ఏమన్న కనబడుతున్నదా అత్తా?"

"దీపం కనబడుతున్నది."

"కోటల దీపం పెట్టిన్రేమో. ఇంకా?"

"ఒక ముసలామె ఉన్నది."

"ముసలామెనా? ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. పండ్లు లేవు. పచ్చంచు చీర కట్టింది." కొమురవ్వ తన కొంగు తడిమి చూసుకుంది. "ఓదీ... ఆ చీర నాదేనే."

"నీ చీర ఆడికెట్ల పోయింది?"

"చీర ఒక్కటే కాదే! ఆ మొకం నాది! ఆ ముక్కు నాది! ఆ ముసలామె నేనే!" అని చప్పట్లు కొట్టింది. "నేను ఓరుగల్లు పోయినా! కోటల ఉన్న నేను! లసుమవ్వ కండ్లతోని చూసింది, అబద్ధమాడదు!"

"అవ్వ పోయింది! అవ్వ పోయింది!" అని బుచ్చమ్మ, సారక్క ఎగిరారు. లసుమవ్వ మాత్రం "నాకు కనబడలేదే" అని గొణిగింది. "నువ్వు ఆ రాతి హంసలను చూస్తున్నవు గావచ్చు," అని ఓదెమ్మ కోప్పడింది.

అలా కోప్పడుతూనే ఓదెమ్మ ఆలోచించింది. ఆమె మొహం పాలిపోయింది.

"అత్తా, నువ్వు కోటల ఉన్నవు గదా?"

"ఉన్న."

"మేం నలుగురం బస్సెక్కి వచ్చినం గదా?"

"వచ్చిన్రు."

"మరి నిన్ను ఎవరు తోలుకొచ్చిన్రు?"

అప్పుడు కొమురవ్వ గుండె బాదుకుంది. "ఓ నా తల్లో! ఎవ్వరు తోలుకురాలే! ముసలిదాన్ని, కాళ్ళు రానిదాన్ని, చీకటి పడే యాళ్ళకు కోటల ఒక్కదాన్ని ఇడిసిపెట్టి వస్తరానే? ఆడ గుంతలున్నయో ఏమున్నయో!"

"ఉన్నది అవ్వా, నడుము లోతున్నది!" అని ఇక దాచలేక చెప్పేసింది లసుమవ్వ.

అంతే. నలుగురూ లేచారు. ఊరి బయట ఓరుగల్లు వెళ్ళే ఆఖరి బస్సు హారను మోగుతోంది. కొంగులు బిగించి పరుగు తీశారు.

"ఆగుండ్రి! నా కట్టె తీసుకపోండి!" అని అరిచింది కొమురవ్వ. "కట్టె లేకుంటే నేను బస్సు ఎక్కలేను!"

ఓదెమ్మ వెనక్కొచ్చి చేతికర్ర తీసుకుంది. "అత్తా, నువ్వసలే మొండిదానివి. రానంటే ఏం చెయ్యాలె?"

"నేను రమ్మన్ననని చెప్పు. నా మాట నేను తీసెయ్య."

నలుగురినీ ఎక్కించుకుని బస్సు వెళ్ళిపోయింది. దుమ్ము అణిగింది. పక్కింటి రాజవ్వ గొడవ విని వచ్చింది. చూస్తే కొమురవ్వ రెండు కంచాల్లో అన్నం వడ్డించి, మూతలు పెట్టి, ముట్టుకోకుండా ఎదురుగా కూర్చుని ఉంది.

"ఏందత్తా, పొద్దుటి సంది తినలేదటగా? తిను."

"ఎట్ల తింట పిల్లా? నేను కోటకాడ పస్తున్న. నన్ను రానియ్యి, ఇద్దరం కలిసి తింటం." కొమురవ్వ దారివైపు చూస్తూ బోసినోటితో నవ్వుకుంది. "వచ్చినంక కోటంతా నాకు కూసోబెట్టి చెప్త. ఆయన చెప్తే తెల్వదన్నడు గాని, నేను చెప్తే నాకెందుకు తెల్వది?"